పరీక్షకు దాచిన సీసా

రక్తం గడ్డకట్టని కొడుకుని గాజు పనిలో పెట్టే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? మా నాన్న ఉన్నాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయనకి ఉన్నది ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఒక్కటే, ఉన్న కొడుకూ ఒక్కడే. ఆయన పోయాక నేనూ తమ్ముడూ పని పంచుకున్నాం. గాజు నేను కోస్తాను. బీడింగ్ కర్రని మూలలు కలిసేలా ఏటవాలుగా కోసి, జిగురు పెట్టి, సన్నమేకులు దిగ్గొట్టేది వాడు. గాజు బల్ల దగ్గరకొస్తే కట్టర్ చూపించి తరిమేదాన్ని. "నువ్వు నన్ను గాజు నుంచి కాపాడుతున్నావా అక్కా, గాజుని నా నుంచి కాపాడుతున్నావా?" అనేవాడు. వాడి నోటికి ఏ జబ్బూ లేదు.

జబ్బు పేరు హీమోఫీలియా. వేలు తెగితే రక్తం కారి చచ్చిపోతారని అందరూ అనుకుంటారు. వేలు తెగితే గట్టిగా కట్టు కట్టుకుని కూర్చోవచ్చు. కట్టు కట్టడానికి వీల్లేని చోట, మోకాళ్లలోనూ మోచేతుల్లోనూ, ఏ దెబ్బా తగలకుండానే రక్తం ఊరుతుంది. కీలు వాస్తుంది, కాలుతుంది, తగ్గుతుంది, మళ్లీ వాస్తుంది. చివరికి బిగుసుకుపోతుంది. ఎక్కువగా ఆడవాళ్లం మోస్తాం, మగవాళ్లు అనుభవిస్తారు. మా అమ్మ నాకు తన కోపాన్నీ, పొట్టివేళ్లనీ, దీన్నీ ఇచ్చింది. నేను నా కొడుక్కి, మా వాడికి, ఇచ్చాను. వాడికిప్పుడు మీసాలు వస్తున్నాయి. వాడికి ఈ జబ్బుందని తేలిన ఏడాదే మా ఆయనకి ఉద్యోగం దూరం పడింది. తర్వాత మనిషే దూరం పడ్డాడు.

దీనికి మందు లేక కాదు. ఉంది. రక్తంలో లోపించినదాన్నే పొడిచేసి చిన్న సీసాల్లో అమ్ముతారు. ఫ్యాక్టర్ అంటారు. నీళ్లలో కలిపి నరానికి ఎక్కిస్తే ఊరే రక్తం ఆగుతుంది. డబ్బున్న దేశాల్లో పిల్లలు వాపు రాకముందే ఎక్కించుకుని ఫుట్‌బాల్ ఆడుకుంటారట. మా దగ్గర మంచుగడ్డ పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాళ్లు.

అలాంటి రోజుల్లో దూరదేశంలోని ఒక పెద్దాసుపత్రి మా ఆసుపత్రితో జతకట్టింది. పేదదేశాల్లో ఈ వైద్యం బాగుపడాలని పెద్ద పెద్దవాళ్లు కూర్చుని ఇలా ఆసుపత్రికి ఆసుపత్రిని ముడిపెట్టారు. దాంతో మాకు మందు రావడం మొదలైంది. దానంగా వచ్చేది, గడువు దగ్గరపడినది, అయినా మందే. మా వాడు మొదటిసారి వాచిన మోచెయ్యితో ఆసుపత్రికి వెళ్లి, అదే పూట చెయ్యి ఊపుకుంటూ ఇంటికొచ్చాడు. నేను గాజు కోస్తూ కోస్తూ ఏడ్చాను. ఆ దేశం పేరు కూడా నాకు సరిగ్గా పలకడం రాదు, కానీ వాళ్లు చల్లగా ఉండాలనుకున్నాను. ఇప్పటికీ వాళ్లని శపించను. శపించడానికి ఒక్కడైనా చెడ్డవాడు ఉండి ఉంటే నా బతుకు కొంచెం తేలికయ్యేది.

తమ్ముడు జబ్బున్న కుటుంబాలన్నింటినీ పోగుచేసి సంఘం పెట్టాడు. దానికి తనే సెక్రెటరీ. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని సామెత ఉంది కానీ, వీడు కొరికింది ఆసుపత్రివాళ్లని. ఏ వార్డులో సీసా ఆలస్యమైనా కుంటుకుంటూ వెళ్లి బల్ల గుద్దేవాడు, చెయ్యి వాచకుండా మెల్లిగా. నర్సుల నుంచి సూపరింటెండెంటు దాకా అందరూ "సెక్రెటరీగారొచ్చారు" అని లేచేవాళ్లు. దుకాణంలో కట్టాల్సిన ఫ్రేములు మాత్రం గోడకానుకుని ఎదురుచూసేవి.

అయితే జతకట్టిన ఆసుపత్రి కళ్లు మూసుకుని మందు పంపదు. ఎవరికి ఎంత ఎక్కించాలో తెలియాలంటే ఇక్కడి ల్యాబ్‌లో రక్తం సరిగ్గా చూడటం రావాలి. వచ్చో రాదో తేల్చుకోవడానికి వాళ్లు అప్పుడప్పుడు ఎండబెట్టిన ప్లాస్మాని, అంటే రక్తంలో ఉండే పసుప్పచ్చ నీటిని, చిన్న గొట్టాల్లో పెట్టి పార్సిల్ పంపిస్తారు. అందులో ఏముందో వాళ్లకి తెలుసు, మనకి తెలీదు. మనం పరీక్షించి చెప్పాలి. సరిగ్గా చెబితే మార్కులు వేస్తారు. ల్యాబ్‌కి అది పబ్లిక్ పరీక్షలాంటిది.

మొదటిసారి మా ల్యాబ్ తప్పింది. తప్పక ఏం చేస్తుంది? రక్తంలో కలిపి చూసే చవకరకం రసాయనాలు, మధ్యమధ్య పోయే కరెంటు, ఫ్రిజ్ తలుపుకి ప్లాస్టర్ పట్టీ. "ల్యాబ్ కుదుటపడేదాకా" అని చెప్పి వాళ్లు మందు సగానికి సగం తగ్గించారు. ఆ ఏడాదే తమ్ముడి మోకాలు వంగినది వంగినట్టు బిగిసింది. ఆ ఏడాదే సంఘంలో ఒకావిడ కొడుకు అన్నం తింటూ నాలుక కొరుక్కున్నాడు. నాలుకే కదా అనుకున్నారు. పోయాడు.

తర్వాత దయతలచి వాళ్లే ఒక అట్టపెట్టెలో మంచి రసాయనం సీసాలు కొన్ని పంపారు. అయిపోతే మళ్లీ పంపుతారా అని అడిగితే, మందు కంపెనీలు దానమిస్తాయి కాబట్టి పంపగలం, రసాయనాలకి ఎవరూ దానమివ్వరు, అవి మీ ప్రభుత్వమే కొనుక్కోవాలి అన్నారు. మా ప్రభుత్వాన్ని అడిగితే అవి దానంగా వస్తున్నాయి కదా అంది. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మందు సీసా పట్టుకుని నవ్వే పిల్లాడి ఫోటోకి నేను ఎన్నో ఫ్రేములు కట్టాను. రసాయనం సీసా ఫోటోకి ఫ్రేము కట్టమని ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఆ సీసాలొచ్చిన వారం సంఘం మీటింగు పెట్టారు, ఆసుపత్రి వెనక సైకిల్ స్టాండు పక్కనున్న రేకుల గదిలో. ల్యాబ్ మేడం కూడా వచ్చింది. నాకంటే చిన్నది, నెమ్మదస్తురాలు, చదువుకున్న మనిషి. ల్యాబ్ మొత్తానికి ఆవిడే పెద్ద. తమ్ముడు కుర్చీలోంచి లేవకుండానే తీర్మానం చెప్పాడు.

"మంచి సీసాలు తాళంలో పెట్టాలి. పరీక్ష గొట్టాలు వచ్చినప్పుడే తియ్యాలి. మన రక్తాలకి మామూలు సరుకు చాలు."

"అలా ఎలా అండీ?" అంది మేడం. "వాళ్లు పరీక్ష పెట్టేదే మన రక్తాలు ఎలా చూస్తున్నామో తెలుసుకోవడానికి కదా."

"మేడంగారూ, ఇంటికి చుట్టాలొస్తే మంచి కంచం తీస్తాం. రోజూ మనం తినేది సొట్ట కంచంలోనే. అలాగని తిండి మానేశామా? మన రక్తం ఎలా చూసినా మనం చావం. పరీక్ష పోతే మాత్రం చస్తాం."

నాలుక కొరుక్కున్న పిల్లాడి తల్లి అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఇంక కాదనేదెవరు? నేనూ ఎత్తాను. పైన పటారం లోన లొటారం అని అనుకోలేదా అంటే, అనుకున్నాను. కానీ ఆ పటారం వల్ల మా వాడికి మందొస్తుంది కదా అని కూడా అనుకున్నాను.

ఆ తర్వాత ల్యాబ్ ఒక్కసారీ తప్పలేదు. మార్కులు పెరిగాయి, మందు పెరిగింది. ఒకసారి మాలాంటి ల్యాబ్‌లన్నిటిలోకీ మాదే ముందుందని సర్టిఫికెట్ వచ్చింది. తమ్ముడు దానికి దుకాణంలో ఉన్న అన్నిటికంటే మంచి బీడింగ్ తీశాడు, ఎవరో పెళ్లి ఫోటోకని బయానా ఇచ్చి పెట్టించుకున్నది. "వాళ్ల పెళ్లి ఆగదులే అక్కా, గాజు కొయ్యి" అన్నాడు. కోశాను. ల్యాబ్‌లో రక్తం తీసే కుర్చీకి ఎదురుగా, అందరికీ కనిపించేలా తగిలించాడు.

అప్పుడు ఆపరేషన్ల కబురొచ్చింది. జతకట్టిన ఆసుపత్రి నుంచి ఎముకల డాక్టర్లూ రక్తం డాక్టరూ కలిసి వస్తున్నారట. బిగిసిపోయిన మోకాళ్లు తీసేసి కొత్తవి పెడతారట. కత్తి పెట్టే ముందు నుంచి గాయం మానేదాకా ఎక్కించడానికి ఫ్యాక్టర్ వాళ్లే తెస్తారట. మా ఆసుపత్రిలో ఎంచిన వాళ్లలో తమ్ముడి పేరు మొదట ఉంది.

వాడు ఆ రోజు బీడింగ్ రెండుసార్లు తప్పు కోశాడు. కుర్చీలో కూర్చుని చేసే పనంతా నిలబడి చేస్తానన్నాడు. బస్సు వెనక తలుపు నుంచి కాకుండా ముందు తలుపు నుంచి ఎక్కుతానన్నాడు, ఎందుకో వాడికే తెలియాలి. "నిన్ను సినిమాకి తీసుకెళ్తాను, బాల్కనీ" అన్నాడు. బాల్కనీకి మెట్లుంటాయి. ఇన్నేళ్లూ మేము నేల టికెట్టే. వాడి ఆశ చూస్తే నాకు భయమేసింది. ఆశ పడటం అలవాటు లేని ఇల్లు మాది.

ఆపరేషన్‌కి ముందు ఒక రక్తపరీక్ష తప్పనిసరి. ఫ్యాక్టర్ ఏళ్ల తరబడి ఎక్కించుకున్న వాళ్లలో కొందరికి ఒళ్లు ఆ మందునే పరాయిదనుకుని దానికి విరుగుడు తయారు చేసుకుంటుంది. డాక్టర్లు ఇన్‌హిబిటర్ అంటారు. అది పుట్టాక సీసాలు ఎన్ని ఎక్కించినా నీళ్లు ఎక్కించినట్టే. అలాంటి మనిషిని తెలియక కోస్తే ఆ రక్తాన్ని ఆపే దిక్కుండదు. ఇది సంఘంలో అందరికీ తెలుసు. తమ్ముడే అందరికీ చెప్పాడు.

నేనూ వాడూ ల్యాబ్‌కి వెళ్లాం. మేడం రక్తం తీసి, సిరంజి పట్టుకునే నిలబడింది.

"ఇది రెండు రకాలుగా చూడొచ్చు" అంది. "జబ్బు లేనివాళ్ల రక్తంతో కలిపి వెంటనే చూసేది ఒకటి. త్వరగా అయిపోతుంది, కానీ ఈ విరుగుడు కొందరిలో మెల్లిగా లేస్తుంది, దొరక్కపోవచ్చు. రెండోది గంటల తరబడి వెచ్చబెట్టి చూసేది. దానికి మంచి సీసా కావాలి. మిగిలింది ఒక్కటే. ఒకసారి కలిపితే ఆ పూటే వాడెయ్యాలి, రేపటికి పనికిరాదు. పరీక్ష గొట్టాలు బయల్దేరాయట, వచ్చే వారం ఇక్కడుంటాయి. మీరు ఊఁ అనండి, మీకే వాడతాను."

తమ్ముడు ఎదురుగా గోడ మీద తను కట్టిన ఫ్రేమువైపు చూశాడు.

"ఊఁ అను" అన్నాను.

"రూలు పెట్టింది నేను."

"పెట్టినవాడివే తియ్యి."

"సెక్రెటరీ మోకాలి కోసం పరీక్ష పోగొట్టాడంటే రేపు నా మొహాన ఉమ్మేస్తారక్కా."

"ఉమ్మితే తుడుచుకుందువు. తుడుచుకోవడానికి మనిషివి ఉండాలి కదా. ఈమధ్య నీకు సీసా ఎక్కించినా వాపు తొందరగా తీయట్లేదు, నేను చూడట్లేదనుకున్నావా?"

"గడువు దగ్గరపడిన సరుకు, బలం తగ్గుంటుంది" అన్నాడు. తర్వాత మేడంతో, "వెంటనే చూసేదే చూడండి" అన్నాడు.

మేడం నావైపు చూసింది. నేను ఇంకా పోట్లాడాల్సింది అని ఇప్పుడు ఎవరైనా అనొచ్చు. పోట్లాడాను. దారంతా తిట్టాను, ఇంటికెళ్లి తిట్టాను, అన్నం పెట్టకుండా తిట్టాను. వాడు మా వాడి కంచంలోంచి తిన్నాడు.

రిపోర్టులో విరుగుడు ఏమీ లేదని వచ్చింది. "చూశావా, నీ నోరు ఊరికే అరిగింది" అన్నాడు తమ్ముడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. మనకి కావలసిన మాట కాగితం మీద ఉంటే కాగితం మంచిదే అనిపిస్తుంది. తర్వాతి వారం పరీక్ష గొట్టాలొచ్చాయి, మేడం ఆ చివరి సీసా తీసి వాటికి వాడింది. మళ్లీ మాదే మంచి మార్కు.

వచ్చిన రక్తం డాక్టరు బాగా పొడుగు. మా వార్డు గుమ్మంలో తల వంచి లోపలికొచ్చేవాడు. అందరికీ చెయ్యిచ్చేవాడు, మా వాడి మోచెయ్యి తన పిల్లాడి చెయ్యిలా పట్టుకుని చూశాడు. మా వార్డు డాక్టరు ఆయన మాటలు మాకు, మా మాటలు ఆయనకి చెప్పేది. పొడుగు డాక్టరు తమ్ముడి రిపోర్టు తీసుకుని ల్యాబ్ ఏదో చూపించమన్నాడు. అందరం వెనకాలే వెళ్లాం. ఆయన ఫ్రేము ముందు ఆగి సర్టిఫికెట్ చదివాడు. మొన్నటి మార్కు కూడా ఆయనకి తెలుసు.

"మా దగ్గర ఇంత మంచి మార్కులు అన్నిసార్లూ రావు అంటున్నారు" అంది వార్డు డాక్టరు నవ్వుతూ. "విరుగుడు లేదని ఈ ల్యాబ్ అంటే లేనట్టే, ఇంకోసారి చూడక్కర్లేదు అంటున్నారు."

మేడం ఏదో చెప్పబోయింది. తమ్ముడు "మేడం" అన్నాడు, అంతే. ఆవిడ తల దించుకుంది. నేను అక్కడే ఉన్నాను. నాకు ఆ మాట అర్థమైంది, ఆ తల దించుకోవడమూ అర్థమైంది. నా నోటికి తాళం వేసింది ఆ బాల్కనీ టికెట్టు. వాడు మెట్లెక్కాలని నాకు మాత్రం లేదా? తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ గదిలో ఉన్నవాళ్లం తలా కాస్త తీసుకున్నాం.

ఆపరేషన్ చక్కగా జరిగిందన్నారు. మర్నాడు పొద్దున తమ్ముడు దుప్పటి పక్కకి లాగి కాలు చూపించాడు. కట్టు కింద కాలు మంచం పొడుగునా తిన్నగా ఉంది. మేమిద్దరం దాన్ని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూశాం. ఆ తర్వాత కట్టు ఎర్రబడింది. మార్చారు. మళ్లీ ఎర్రబడింది. తొడ వాచి మెరిసింది. ఫ్యాక్టర్ ఎక్కించారు. ఆపరేషన్ కోసం తెచ్చినది అయిపోయాక ఆసుపత్రి స్టోరులో ఉన్నది తెచ్చారు. అది ఎవరెవరి పిల్లలకో ఉంచినది. ఆ తల్లులు బయట బెంచీ మీదే ఉన్నారు, తమ పిల్లల సీసాలు లోపలికి వెళ్తుంటే చూస్తూ కూర్చున్నారు. వాడి ఒంట్లోకి వెళ్లినది వెళ్లినట్టే ఇంకిపోయింది.

పొడుగు డాక్టరు మంచం పక్కనుంచి కదల్లేదు. ఆయన చొక్కా అంచు మీద మా తమ్ముడి రక్తం ఎండిపోయింది. మేడంని పిలిపించాడు. వార్డు డాక్టరు మధ్యలో నిలబడింది.

"పరీక్షలో అంత బాగా చేసే ల్యాబ్‌కి ఇంత పెద్ద విరుగుడు ఎందుకు కనిపించలేదు అని అడుగుతున్నారు."

"పరీక్షకి వాడిన రసాయనం వేరు" అంది మేడం. "పేషెంట్లకి వాడేది వేరు."

వార్డు డాక్టరు చెప్పింది. ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. అప్పుడు ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నా నా అంత ఎత్తున్నాడు. ఏదో అన్నాడు. వార్డు డాక్టరు దాన్ని మాకు చెప్పకూడదనుకుంది. నేను అడిగాను.

"ఆ మార్కులు నమ్మే కత్తి పెట్టించాను అంటున్నారు."

విరుగుడు ఉన్నవాళ్లకి వేరే మందు ఉంది, వాళ్ల దేశంలో. ఆయన ఫోను మీద ఫోను చేశాడు, అరిచాడు, బతిమాలాడు. వాళ్లు వెంటనే పంపారు. అది వచ్చింది కూడా, మేము వాణ్ణి సాగనంపి ఇంటికొచ్చిన రోజున.

పోయేముందు వాడికి తెలివి వస్తూ పోతూ ఉంది. ఒకసారి కళ్లు తెరిచి, "అక్కా, కాలు మాత్రం తిన్నగా ఉంది చూడు" అన్నాడు. చూశాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం నవ్వుతూ చెప్పుకుంటారు. నవ్వడానికి అందులో ఏముందో నాకు ఇంక ఎప్పటికీ తెలియదు. వాడు నాకంటే చిన్నవాడు. వాణ్ణి చంకనేసుకుని మంచుగడ్డ కోసం ఐస్ ఫ్యాక్టరీకి పరిగెత్తిన దాన్ని నేను. ఆ మంచం పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపుకి పక్క వార్డు వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

పొడుగు డాక్టరు వెళ్లేముందు దుకాణానికి వచ్చాడు. గోడలకున్న ఖాళీ ఫ్రేములు చూస్తూ నిలబడ్డాడు. రసాయనాలు పంపమని తన దేశంలో పోట్లాడతానని వార్డు డాక్టరు చేత చెప్పించాడు. "పరీక్ష తప్పితే మందు తగ్గించే రూలు తీసేయమనండి ముందు" అన్నాను. అది తన చేతిలో లేదన్నాడు, కమిటీ ఉందన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అబద్ధం చెప్పే మనిషి కాదు.

సంఘం నన్ను సెక్రెటరీని చేసింది. తమ్ముడి కుర్చీలో కూర్చోవడానికి ఇంకెవరికీ మనసొప్పలేదు, నాకు మాత్రం ఒప్పుతుందనుకున్నారు కాబోలు. నేను ఒకే ఒక్క పని చేద్దామని ఒప్పుకున్నాను. ఈసారి పరీక్ష గొట్టాలొస్తే మేడం ఎదురుగా నిలబడి, మా తమ్ముడి రక్తం ఎలా చూశారో వీటినీ అలాగే చూడండి అని చెప్పాలి. అదే చవక సరుకు, అదే తొందర. వచ్చే మార్కు రానీ. మా బతుకు ఎలా ఉందో ఒక్కసారి వాళ్లు ఉన్నదున్నట్టు చూడనీ. బల్ల మీద గాజు పెట్టి గీత గీసేటప్పుడల్లా ఆ మాట లోపల అనుకునేదాన్ని.

గొట్టాలొచ్చాయి. అదే పార్సిల్‌లో పొడుగు డాక్టరు సొంతంగా సంపాదించి ఒక మంచి సీసా పెట్టాడు. రసాయనాల సంగతి కమిటీ ఇంకా ఆలోచిస్తోందట, ఈలోగా ఇది పేషెంట్లకి వాడమన్నాడట. ఒక్కటంటే ఒక్కటి.

నేను ల్యాబ్‌కి వెళ్లేసరికి బయట బెంచీ నిండిపోయి ఉంది. తమ్ముడికి ఎక్కించిన సీసాల లోటు ఇంకా పూడలేదు. తల్లులు వాచిన కీళ్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చివర మా వాడున్నాడు. మోచెయ్యి మళ్లీ వాచింది. పోయిన వారం ఎక్కించిన సీసా పనిచేసినట్టు లేదు. దాని గురించి వాడూ నేనూ ఇంట్లో మాట్లాడుకోలేదు. మావయ్య పోయినప్పటి నుంచీ వాడు దేని గురించీ మాట్లాడడు.

మేడం సీసా అరచేతిలో పెట్టుకుని నిలబడింది. ఆ రోజుల తర్వాత ఆవిడ సగమైపోయింది.

"మీరే చెప్పండి అక్కా" అంది. "డాక్టరుగారు పేషెంట్లకి అన్నారు. మీ వాడి రక్తానికి పూర్తి పరీక్ష చెయ్యాలి, నాకు అనుమానంగా ఉంది. కానీ సీసా రెండింటికీ చాలదు, ఇది దానికి వాడితే గొట్టాలకి మామూలు సరుకే. తప్పుతాం. మీ తమ్ముడి సంగతి తెలిశాక, ఈసారి తప్పితే సగం కాదు, మొత్తం ఆపుతామని ముందే రాశారు."

నేను నెలలుగా పదును పెట్టుకున్న మాట గొంతుదాకా వచ్చింది. తలుపు సందులోంచి బెంచీ కనిపిస్తోంది. దాని మీద నాలుక కొరుక్కున్న పిల్లాడి తల్లి కూడా ఉంది, రెండో వాణ్ణి పట్టుకుని. ఆవిడ నావైపే చూస్తోంది. మా వాడు మాత్రం చూడట్లేదు, మోచేతి మీది మంచుగడ్డ కరిగి నేల మీద కారుతుంటే దాన్ని చూస్తున్నాడు. వాడికి మందు పనిచేస్తుందో లేదో తేల్చుకుని, ఆ మందే లేకుండా పోతే నేనేం చేసుకోను? ఒకవేళ వాడిలో విరుగుడు లేకపోతే? లేకపోవచ్చు కదా. తమ్ముడు కూడా సరిగ్గా ఇలాగే లెక్క వేసుకుని ఉంటాడు, ఇదే కుర్చీ పక్కన నిలబడి.

"గొట్టాలకే వాడండి" అన్నాను.

మేడం సీసా మూత తీసింది. నేను బయటికెళ్లి మా వాణ్ణి లేపి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. రక్తం తీశారు. వెంటనే చూసే పద్ధతిలోనే చూశారు. సాయంత్రానికి రిపోర్టు చేతికిచ్చారు.

విరుగుడు ఏమీ లేదట.